తాళంచెవి లేకుండా కారు తెరిచే పరికరాలు బాహాటంగా అమ్ముతుంటే అడిగేవాళ్ళే లేరా?

స్లౌ_శ్రీను
ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటర్‌కి తగిలించి లోపాలు చూసుకునేది) కొందామని ఆన్‌లైన్లో వెతుకుతుంటే పక్కన ఏమేం తగులుతున్నాయో చూడండి. "పలానా మోడల్, తాళంచెవి అక్కర్లేదు, తలుపు తెరుచుకుంటుంది, ఇంజిన్ స్టార్ట్ అవుతుంది" అని వీడియోతో సహా అమ్మకానికి పెట్టారు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో "తాళాల మెకానిక్కులకు మాత్రమే". కార్డు గీకితే కొరియర్లో ఇంటికొచ్చేస్తుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో జరిగే వాహన దొంగతనాల్లో 40 శాతం ఎలక్ట్రానిక్ పరికరాలతోనే అని బ్రిటన్ హోంశాఖే (హోం ఆఫీస్) చెప్పింది. లండన్ వరకైతే పోలీసుల అంచనా 60 శాతం. వంటింటి కత్తి కొనాలన్నా ఇక్కడ వయసు అడుగుతారే, ఇదెలా అమ్మనిస్తున్నారు? ఇంకో ప్రశ్న: నా టొయోటా రావ్4కి, కీ సిగ్నల్ ఆపే పౌచ్ ఒకటి కొంటే సరిపోతుందా?

పుల్లయ్య_వేమవరం
దేశం లెక్కలో ఆ 40 పోగా మిగతా 60 శాతం మాటేమిటి మరి? లెటర్‌బాక్సులోంచి కర్ర దూర్చి, గోడకి తగిలించిన కీ లాక్కుపోయే పాతకాపులు ఇంకా రిటైర్ కాలేదు.

రేడియో_రామం
పౌచ్ సరిపోతుందా అంటే, దొంగ చేతిలో ఏముందో తెలిస్తే గానీ చెప్పలేం. అందరూ అన్నిటినీ కలిపి "రిలే" అనేస్తున్నారు. నాలుగు రకాలున్నాయి, దేని మందు దానిదే.

ఒకటి, అసలు రిలే. మీరు హ్యాండిల్ ముట్టుకోగానే కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర సన్నగా పిలుస్తుంది. ఆ పిలుపు మీటరు, మీటరున్నర దాటి వినపడదు. కీ అది విని 433.92 మెగాహెర్ట్జ్‌లో (అమెరికాలో 315) జవాబిస్తుంది. రిలేవాళ్ళు ఆ పిలుపుని కారు దగ్గర పట్టుకుని మీ గుమ్మం దాకా మోసుకొస్తారు. విప్పేదీ లేదు, మార్చేదీ లేదు, మోయడమే. అందుకే ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా, కోడ్ ప్రతిసారీ మారినా లాభం లేదు. జవాబు చెప్పేది మీ అసలు కీయే కదా. జూరిక్‌లోని ఈటీహెచ్ యూనివర్సిటీ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ళ మీద ఇది చేసి చూపించారు.

రెండు, కీలా నటించేది. గేమ్‌బాయ్ (పాత వీడియోగేమ్ డబ్బా) ఆకారంలో ఉండే రకం. దీనికి మీ కీతో పనే లేదు, అది మీ ఇంట్లో ఉన్నా ఇండియాలో ఉన్నా ఒకటే. కారు వేసే ప్రశ్నకి తనే లెక్కకట్టి జవాబిస్తుంది. ఆ మోడల్లో లెక్క బలహీనంగా ఉంటేనే పనిచేస్తుంది, అందుకే "పలానా మోడళ్ళకి" అని అమ్ముతారు. ధర 20,000 పౌండ్ల దాకా పోయిన సందర్భాలున్నాయి.

మూడు, ఓబీడీ సాకెట్‌కి తగిలించి కారుకి కొత్త కీ నేర్పించేది. అద్దం పగలగొట్టో, జామర్‌తో మీ లాక్ సిగ్నల్ చెడగొట్టో ముందు లోపలికి దూరాలి.

నాలుగు, క్యాన్ ఇంజెక్షన్. కారులో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే తీగల జంటలోకి (దాని పేరే క్యాన్) బయటినుంచే దూరి "సరైన కీ వచ్చింది" అని అబద్ధం చెప్పేది.

పౌచ్ మొదటిదానికే మందు. మిగతా మూడింటికీ దాని ఊసే పట్టదు.

స్లౌ_శ్రీను
బయటినుంచి తీగల్లోకి ఎలా దూరతారండీ? బానెట్ తెరవాలన్నా లోపలి లివరే కదా లాగాలి?

రేడియో_రామం
హెడ్‌ల్యాంప్. ఇప్పటి దీపాలు ఉత్త బల్బులు కావు, వాటికీ కంప్యూటరుంది, అదీ ఆ తీగల మీదే కూర్చుంటుంది. 2022లో లండన్‌లో ఒక ఆటోమోటివ్ భద్రతా పరిశోధకుడి రావ్4 పోయింది. దొంగలు కొట్టిన ఇల్లు అలాంటిది! దీన్ని కెన్ టిండెల్ అనే మరో నిపుణుడు 2023 ఏప్రిల్‌లో విడమరిచి రాశారు. భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2023-29389 అని నంబరు కూడా పడింది. వాళ్ళు తెప్పించి విప్పి చూసిన పరికరం పైకి జేబీఎల్ బ్లూటూత్ స్పీకర్.

మీది కూడా రావ్4 కాబట్టి ఒక మాట. ఆ కారు పోకముందు కొన్ని నెలల్లో రెండుసార్లు బంపర్ ఓ పక్క లాగేసి, హెడ్‌ల్యాంప్ ప్లగ్గు ఊడదీసి ఉంది. ఆకతాయి పిల్లల పనేమో అనుకున్నారు. ముందు చక్రం పైన ప్లాస్టిక్ అంచు వదులైనా, క్లిప్పులు ఊడినా, ల్యాంప్ వార్నింగ్ వచ్చినా గ్యారేజీకి వెళ్ళే రోజు దాకా ఆగకండి. ఆ రాత్రే కారు వేరేచోట పెట్టండి.

తాళాల_రావు
ఓబీడీ పరికరాలన్నీ దొంగ సామాన్లే అన్నట్టు మాట్లాడుతున్నారు. ఓబీడీకి తగిలించే ఆ టాబ్లెట్ లేకపోతే కార్ల తాళాల పని చేసేవాడికి అన్నం లేదు. ఉన్న రెండు కీలూ పోయాయనుకోండి. డీలర్ దగ్గరికి కారు లారీ మీద పోవాలి, కొన్నిట్లో లాక్ సెట్టూ కంట్రోల్ యూనిట్టూ మార్చాలంటారు, వారం పడుతుంది. తాళాలాయన రోడ్డు మీదే గంటా గంటన్నరలో కీ కోసి, ప్రోగ్రామ్ చేసి ఇస్తాడు. పాత కీ మెమరీలోంచి తీసేయడమూ అదే టాబ్లెట్‌తోనే. నిషేధం అంటే ముందు దెబ్బ తగిలేది వీళ్ళకే, దొంగకి కాదు.

కోనసీమ_కుర్రోడు
రావు గారూ, దొంగ కూడా అదే టాబ్లెట్ కొంటున్నాడుగా. కొనేవాడు ఎవడో అడక్కుండా అమ్మడమే కదా శ్రీను గారి బాధ.

తాళాల_రావు
ఒప్పుకుంటా. అడిగి అమ్మే పద్ధతి లేకపోలేదు. అమెరికాలో ఎన్‌ఏఎస్‌టీఎఫ్ రిజిస్ట్రీ ఉంది. నేరచరిత్ర చూసి తాళాలవాళ్ళకి గుర్తింపు ఇస్తారు, కీ కోడ్లూ ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకపోతే ఇంజిన్ లేవనివ్వని భాగం) సమాచారమూ దాని మీదే దిగుతాయి, ఎవరు ఏ కారుకి తీసుకున్నారో రికార్డు ఉంటుంది. యూరప్‌లో సెర్మీ అని అలాంటిదే వచ్చింది. ఫియట్ క్రైస్లర్ 2018 నుంచి ఓబీడీకి ముందు గేట్‌వే (కాపలా కంప్యూటర్) పెట్టి, లాగిన్ అయినవాడికే కారు కంప్యూటర్లలో మార్పులు రాసే అనుమతి ఇస్తోంది.

నేను గీసే గీత ఇది: కారుకి కొత్త కీ నేర్పేది పనిముట్టు. కీ నేర్పకుండానే నేరుగా స్టార్ట్ చేసి తోలుకుపోయేది ఏ తాళాలవాడికి కావాలి? కస్టమర్ చేతిలో చివరికి ఒక కీ పెట్టాలిగా! స్పీకర్ డబ్బాలో, గేమ్‌బాయ్ డబ్బాలో దాచిన సరుకు మా వృత్తిది కాదు. మా సామాను దాచుకునే పని మాకు లేదు, వ్యాన్ మీద పేరు రాసుకుని తిరుగుతాం.

నల్లకోటు
శ్రీను గారి మొదటి ప్రశ్నకి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. ఎందుకు అమ్మనిస్తున్నారంటే, ఇన్నాళ్ళూ అతికే సెక్షన్ సరిగా లేదు.

బ్రిటన్లో 1968 నాటి థెఫ్ట్ యాక్ట్ సెక్షన్ 25: దొంగతనానికి వాడే వస్తువు దగ్గర పెట్టుకుని తిరిగితే 3 ఏళ్ళ దాకా జైలు. ఇందులో రెండు కంతలు. "తన నివాసంలో లేనప్పుడు" అని షరతుంది, అంటే సామాను ఇంట్లో అల్మరాలో దొరికితే ఈ సెక్షన్ తగలదు. రెండోది, దొంగతనం కోసమే పెట్టుకున్నాడని పోలీసులే రుజువు చేయాలి. "రిపేర్లు చేస్తుంటానండీ" అంటే అబద్ధమని తేల్చడం వాళ్ళ పని. అమ్మేవాడైతే అసలు కారు దరిదాపుల్లోకే రాడు. కంప్యూటర్ మిస్‌యూజ్ యాక్ట్‌లో, నేరానికి వాడే పరికరాల మీద సెక్షన్ 3ఏ ఉంది గానీ అక్కడా అమ్మేవాడి మనసులో ఏముందో తవ్వాలి.

2025 ఫిబ్రవరి 25న కామన్స్‌లో (బ్రిటన్ దిగువసభ) పెట్టిన క్రైమ్ అండ్ పోలీసింగ్ బిల్లు ఈ కంతల్ని పూడ్చడానికే. దగ్గర ఉంచుకోవడం, దిగుమతి, తయారీ, మార్పులు చేయడం, అమ్మడం, అమ్ముతానని చెప్పడం ఇవన్నీ దాని ప్రకారం నేరాలు, గరిష్ఠం 5 ఏళ్ళు. అసలు మార్పు శిక్షలో లేదు. వాహన దొంగతనానికి వాడతారన్న సహేతుకమైన అనుమానం కలిగే పరిస్థితి ఉంటే, నాకా ఉద్దేశం లేదని చూపించుకోవాల్సింది ఇక ఆ మనిషే. రావు గారికి వ్యాన్ మీద పేరు, బిల్లు పుస్తకం, కస్టమర్ సంతకాలు ఉంటాయి. అర్ధరాత్రి రెండింటికి హుడీలో తిరిగేవాడికి ఏముంటుంది?

తాళాల_రావు
అర్ధరాత్రి రెండింటికి కీ పోయిందని పిలిచేవాళ్ళూ ఉంటారు సార్. హుడీ చలికి.

నల్లకోటు
హ హ. అయితే జాబ్‌షీట్ జేబులో పెట్టుకోండి. ఓనర్ గుర్తింపు కార్డు, బండి కాగితం రెండూ ఫొటో తీసి, టైముతో సహా దాచండి. చాలామంది నోటిమాట మీద కీ చేసేస్తున్నారు, రేపు ఆ అలవాటే వాళ్ళని ముంచుతుంది.

బ్రాంప్టన్_బాబాయి
కెనడా ముందే చేసింది. 2024 జూన్‌లో క్రిమినల్ కోడ్ మార్చి, కారు దొంగతనం కోసం ఇలాంటి పరికరం దగ్గరుంచుకున్నా, పంచినా 10 ఏళ్ళ దాకా అన్నారు. ఇక్కడ హైల్యాండర్లు, సీఆర్‌వీలు, లెక్సస్‌లు డ్రైవ్‌వేలోంచి మాయమై మాంట్రియల్ రేవులో కంటైనర్ ఎక్కేవి.

ఆ చట్టానికి ముందు ఒక కామెడీ జరిగింది. 2024 ఫిబ్రవరిలో మంత్రిగారు ఫ్లిప్పర్ జీరోని నిషేధిస్తామన్నారు. అది అరచేతిలో పట్టే ఆటబొమ్మ లాంటి రేడియో పనిముట్టు, విద్యార్థులు నేర్చుకోవడానికి కొంటారు. అప్పుడు అమ్మే రూపంలో దానికి రిలే చేసే సత్తా లేదు, మారే కోడ్‌ని విప్పే సత్తా లేదు. సాంకేతిక నిపుణులంతా గోల చేస్తే మార్చికల్లా మెత్తబడి, సక్రమంగా వాడేవాళ్ళకి పర్లేదన్నారు.

రేడియో_రామం
దొంగ ఒకడైతే దెబ్బలు ఇంకొకడికి. అమెజాన్ కూడా 2023లో దాన్ని కార్డులు దోచే పరికరాల జాబితాలో పడేసి తీసేసింది. పేరు చూసి నిషేధిస్తే ఇంతే. డబ్బా మారుతుంది, పేరు మారుతుంది. బ్రిటన్ బిల్లు పరికరం పేరు జోలికి పోకుండా "ఏ పనికి" అన్నది పట్టుకుంది, అది నయం.

కోనసీమ_కుర్రోడు
అమ్మేవాడు ఇంకో దేశంలో కూర్చుంటే ఈ చట్టాలు ఏం పీకుతాయి?

నల్లకోటు
అందుకే దిగుమతి అన్న మాట పెట్టారు. పార్శిల్ కస్టమ్స్‌లో ఆగితే చిరునామా దొరికినట్టే. అమ్మేవాళ్ళనీ పట్టుకోలేదని కాదు. 2022 అక్టోబర్‌లో ఫ్రాన్స్, స్పెయిన్, లాత్వియా పోలీసులు కలిసి 31 మందిని అరెస్టు చేశారు. రెండు ఫ్రెంచి కంపెనీల కార్లని కీ లేకుండా ఎత్తుకెళ్ళే సాఫ్ట్‌వేర్‌ని "డయాగ్నస్టిక్ సొల్యూషన్" అని ముద్దుపేరు పెట్టి అమ్మారు. తయారు చేసినవాళ్ళు, మళ్ళీ అమ్మినవాళ్ళు, దొంగలు ముగ్గురూ ఆ 31 మందిలో ఉన్నారు. వాళ్ళ వెబ్‌సైట్ డొమైన్ కూడా పోలీసులు లాగేసుకున్నారు.

స్లౌ_శ్రీను
చట్టం సంగతి అర్థమైంది. ఇప్పుడు ఈ రాత్రికి ఏం చేయాలో చెప్పండి. పౌచ్ కొనాలా? ఇంట్లో వంట ఫాయిల్ చుట్టేస్తే చాలదా?

రేడియో_రామం
ఫాయిల్ మందం సుమారు 16 మైక్రాన్లు. 433 మెగాహెర్ట్జ్‌కి ఆ లోహం చాలు, జవాబు బయటికి రాదు. 125 కిలోహెర్ట్జ్‌కి అల్యూమినియంలో స్కిన్ డెప్త్ (తరంగం లోహంలోకి చొచ్చుకుపోయే లోతు) 230 మైక్రాన్ల పైమాటే, అంటే కారు పిలుపుని అది పూర్తిగా ఆపలేదు. కీకి పిలుపు వినపడుతుంది, జవాబు మాత్రం గోడకి తగులుతుంది. పౌచ్‌లూ ఎక్కువ భాగం ఇలాగే పనిచేస్తాయి. దొంగతనం ఆగడానికి అది చాలు గానీ ఒక తిరకాసుంది. పౌచ్‌ని కారుకి మీటరు దూరంలో గ్యారేజీ గోడకి తగిలిస్తే, కారు పిలిచినప్పుడల్లా కీ లేచి కూర్చుంటుంది, సీఆర్2032 బ్యాటరీ తొందరగా చస్తుంది. నాలుగైదు మీటర్లు దూరంగా పెట్టండి.

ఫాయిల్‌తో గొడవ మడతలు. చిన్న చిరుగు పడితే, మూత దగ్గర సందు ఉంటే, అంతా వృథా. బిస్కట్ల ఇనప డబ్బా మేలు, కానీ మూత బిగుతుగా, రంగు లేని అంచు అంచుకి తగిలేలా ఉండాలి. రంగు పూత మధ్యలో ఉంటే అదే సందు.

పుల్లయ్య_వేమవరం
మైక్రోవేవ్‌లో పెట్టమని వాట్సాప్‌లో తిరుగుతోంది.

రేడియో_రామం
దాని తలుపు సీలు 2.45 గిగాహెర్ట్జ్ కోసం చేసింది, 433ని ఆపుతుందన్న హామీ లేదు. పైగా పొద్దున్నే ఎవరో పాలు వేడి చేద్దామని బటన్ నొక్కితే కీ, అవెన్ రెండూ హరీ.

తాళాల_రావు
పౌచ్ పరీక్ష చాలామంది తప్పు చేస్తారు. కీ పౌచ్‌లో వేసి, మూత పూర్తిగా మడిచి, కారు తలుపు పక్కకే వెళ్ళి హ్యాండిల్ పట్టుకోవాలి. డిక్కీ దగ్గర కూడా. తర్వాత పౌచ్ సీటు మీద పెట్టి స్టార్ట్ బటన్ నొక్కాలి. మూడు చోట్లా ఏమీ కాకపోతేనే పాస్. చాలా పౌచ్‌లకి రెండు అరలుంటాయి, లోపలి దానికే కవచం, బయటిది కార్డులకి. కీ బయటి అరలో పెట్టి "ఫేక్ సరుకు" అని ఒక స్టార్ ఇచ్చేస్తున్నారు. రోజూ మడిచే చోట గుడ్డలోని లోహపు పూత పగులుతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది. అందుకని నెలకోసారి పరీక్ష. రెండో కీ కూడా పౌచ్‌లోనే ఉండాలి. సొరుగులో పడి ఉన్న రెండో కీ కూడా అంతే గట్టిగా జవాబిస్తుంది.

కోనసీమ_కుర్రోడు
టొయోటాకి పౌచ్ దండగ. లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ మీది లైటు నాలుగుసార్లు మెరుస్తుంది. కీ నిద్రపోయినట్టు. పొద్దున ఏ బటన్ నొక్కినా లేస్తుంది. మోడల్‌ని బట్టి మాన్యువల్ ఒకసారి చూసుకోండి. ఫోర్డ్ 2019లో ఫియెస్టా, ఫోకస్ కీల్లో కదలిక సెన్సార్ పెట్టింది, 40 సెకన్లు కదలకపోతే దానంతటదే నిద్రలోకి జారుకుంటుంది.

స్లౌ_శ్రీను
నాలుగుసార్లు మెరిసింది! కానీ రామం గారు చెప్పిన క్యాన్ ఇంజెక్షన్‌కి ఇది అడ్డు కాదుగా?

రేడియో_రామం
కాదు. దానికి రెండు దారులు. కంపెనీ చేయాల్సింది, క్యాన్ మీద సందేశాలకి సంతకం లాంటి ధ్రువీకరణ పెట్టడం. మీరు చేయగలిగింది విడిగా ఇమ్మొబిలైజర్ బిగించుకోవడం. స్టీరింగ్ మీది బటన్లు మీరు పెట్టుకున్న వరసలో నొక్కితే గానీ ఇంజిన్ లేవదు, ఎన్ని కీలు ఉన్నా. దాన్ని తెలిసినవాడితోనే బిగించుకోండి. తీగ ఎక్కడ కలిపాడో కనిపించేలా టేపు చుడితే దొంగకి దారి చూపించినట్టే. సర్వీసుకి ఇచ్చేటప్పుడు సర్వీస్ మోడ్‌లో (బటన్ల వరస అడగని మోడ్) పెట్టడం మరిచిపోతే మెకానిక్ ఫోన్ల మీద ఫోన్లు.

కోనసీమ_కుర్రోడు
స్టీరింగ్‌కి ఇనప కడ్డీ తాళం కూడా. నవ్వకండి, సోల్డ్ సెక్యూర్ (బ్రిటన్లో తాళాలు పరీక్షించే సంస్థ) డైమండ్ రేటింగ్ ఉన్నది చూసి తీసుకోండి. వాడికి కావాల్సింది నిమిషంలో, చప్పుడు లేకుండా పోవడం. గ్రైండర్ పెట్టాడంటే వీధంతా లేస్తుంది.

పుల్లయ్య_వేమవరం
లక్ష డాలర్ల కంప్యూటర్ బండికి చివరికి మా తాతగారి సైకిల్ తాళమే దిక్కు.

బ్రాంప్టన్_బాబాయి
నాకు మండేది కంపెనీల మీద. 2011లో రిలే సంగతి బయటపడితే దూరం కొలిచే యూడబ్ల్యూబీ (అల్ట్రా వైడ్‌బ్యాండ్ రేడియో) కీ మార్కెట్లోకి రావడానికి 2018 దాకా పట్టింది, అదీ జాగ్వార్ ల్యాండ్ రోవర్ నుంచి. రేడియో తరంగం నానోసెకనుకి 30 సెంటీమీటర్లు పోతుంది. జవాబు ఎన్ని నానోసెకన్లు ఆలస్యమైందో చూస్తే కీ ఎంత దూరంలో ఉందో తెలిసిపోతుంది.

కోనసీమ_కుర్రోడు
అదే జేఎల్ఆర్ పాత రేంజ్ రోవర్లకి లండన్లో ఇన్సూరెన్స్ దొరకని రోజులొచ్చాయి. టాటా వాళ్ళది కాబట్టి మనవాళ్ళం వెనకేసుకు రానక్కర్లేదు. తర్వాత కోటి పౌండ్లు పెట్టి పాత బండ్లకీ అప్‌డేట్లు ఇచ్చారు, అది ఒప్పుకోవాలి. హ్యుందాయ్ చూడండి, బ్రిటన్లో అయానిక్ 5కి గేమ్‌బాయ్ బెడద తగ్గించే అప్‌గ్రేడ్‌కి 2025లో 49 పౌండ్లు అడిగింది. గడియ సరిగా పెట్టనివాడు గడియ మార్చడానికి మళ్ళీ కూలి అడిగినట్టుంది.

రేడియో_రామం
యూడబ్ల్యూబీ అని స్టిక్కర్ ఉంటే చాలదు, బాబాయి గారూ. 2024లో చైనా పరిశోధకులు యూడబ్ల్యూబీ ఉన్న టెస్లా మోడల్ 3ని మామూలు రిలేతోనే తెరిచారు. చిప్పు ఉంది, దూరం కొలవడానికి మాత్రం అప్పటికి వాడట్లేదు. టెస్లా ఉన్నవాళ్ళు పిన్ టు డ్రైవ్ (పిన్ కొడితేనే బండి కదలడం) ఆన్ చేసుకోండి, పైసా ఖర్చు లేదు.

మియాపూర్_మూర్తి
హైదరాబాద్‌లో ఇదంతా అవసరమా? ఇక్కడ క్రెటాలు, ఫార్చూనర్లు కూడా పుష్ బటన్లే.

నల్లకోటు
ఢిల్లీని చూడండి. 2025 జూన్‌లో సఫ్దర్‌జంగ్ ఎన్‌క్లేవ్‌లో క్రెటా నిమిషంలోపే పోయిన సీసీటీవీ వీడియో దేశమంతా తిరిగింది. మన దగ్గర ఎక్కువగా అద్దం పగలగొట్టి ఓబీడీతో కొత్త కీ నేర్పించే మూడో రకమే. కాబట్టి ఓబీడీ సాకెట్‌కి తాళం మూత, గేర్ లాక్, కనిపించని చోట జీపీఎస్. పరికరం అమ్మకం మీద మన దగ్గర ప్రత్యేక సెక్షన్ లేదు, దొంగతనానికి బీఎన్ఎస్ (భారతీయ న్యాయ సంహిత) 303 ఉంది. కానీ దారి ఉంది. ఆన్‌లైన్లో అనుమతి లేని వాకీటాకీలు అమ్ముతున్నారని వినియోగదారుల రక్షణ అథారిటీ 2025 మేలో ఈ-కామర్స్ సైట్లకి మార్గదర్శకాలు ఇచ్చింది: ఫ్రీక్వెన్సీ చెప్పాలి, ఆమోదపత్రం చూపాలి, లేకపోతే లిస్టింగ్ తీసేయాలి. రిలే పెట్టె కూడా రేడియో ట్రాన్స్‌మిటరేగా. అదే గాటన కట్టేయొచ్చు.

సర్వేయర్_సాంబ
ఇండియావాళ్ళకి నా వైపునుంచి. కారు పోతే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది రెండు కీలూ. ఒకటి ఎప్పుడో పోయి, మీరెవరికీ చెప్పకుండా ఊరుకుని ఉంటే, దొంగకి కీ అందేలా వదిలేశారనే అనుమానంతో క్లెయిమ్ నెలలు నానుతుంది. కీ పోయిన రోజే పోలీసు ఫిర్యాదు, డీలర్ దగ్గర పాత కీ మెమరీలోంచి తీయించిన బిల్లు, రెండూ ఫైల్లో పెట్టుకోండి.

కారు పోయిన రోజే ఎఫ్ఐఆర్, అదే రోజు కంపెనీకి మెయిల్, ఆర్టీఓకి లెటర్. ఎఫ్ఐఆర్ వెంటనే పెట్టి కంపెనీకి చెప్పడం ఆలస్యమైతే, ఆ ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచి చెప్పింది. ఆ తర్వాత కారు దొరకలేదన్న పోలీసుల తుది నివేదిక కావాలి. డబ్బు వచ్చేది ఐడీవీ (తరుగు పోగా పాలసీలో రాసిన కారు విలువ) మేరకే. ఏడాది దాటి రెండేళ్ళలోపు బండికి 20 శాతం, నాలుగు దాటి ఐదేళ్ళలోపు అయితే 50 శాతం తరుగు పోతుంది. రిటర్న్ టు ఇన్వాయిస్ యాడ్-ఆన్ ఉంటేనే కొన్న ధర.

మియాపూర్_మూర్తి
ఏఆర్ఏఐ (వాహనాలు పరీక్షించే సంస్థ) ఆమోదం ఉన్న యాంటీ థెఫ్ట్ పరికరం పెడితే ప్రీమియం తగ్గుతుందన్నారు?

సర్వేయర్_సాంబ
ఓడీ (సొంత కారు నష్టానికి కట్టే భాగం) ప్రీమియం మీద 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు. టీ ఖర్చు. దాని కోసం పెట్టకండి, కారు కోసం పెట్టండి.

తాళాల_రావు
సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్ళు ఒకటి చేయండి. కారు మెమరీలో ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూపించమనండి, అదే టాబ్లెట్‌తో రెండు నిమిషాల పని. మీ చేతికి రెండు వచ్చి స్క్రీన్ మీద మూడు కనిపిస్తే, మూడోది చెరిపించి గానీ డబ్బు ఇవ్వద్దు.

స్లౌ_శ్రీను
పౌచ్ వచ్చింది. బయటి అరలో పెడితే తలుపు తెరుచుకుంది, లోపలి అరలో లేదు. రావు గారు చెప్పకపోతే ఒక స్టార్ రివ్యూ రాసేసేవాణ్ణి. నేను మొదట చెప్పిన ఆ పరికరం లిస్టింగ్ లింకు ఇక్కడ పెట్టమని ఎవరో మెసేజ్ చేశారు, పెట్టను. సైటువాళ్ళకి రిపోర్ట్ కొట్టాను, "మా నిబంధనలకు విరుద్ధంగా లేదు" అని గంటలో జవాబొచ్చింది.

నల్లకోటు
ఆ జవాబు స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి. "అమ్ముతానని చెప్పడం" కూడా నేరమయ్యాక మళ్ళీ అదే రిపోర్ట్ కొట్టండి.